సర్కారు సాయమును బీదసంసారమును

ప్రతి నెల మొదటి తేదీని తెల్లవాఱుచుండగనే నరసరావుపేటలో మా వీధియందు సందడి మొదలగును. సచివాలయోద్యోగులు చిన్న యంత్రమును చేతబట్టుకొని గడపగడపకును వచ్చి, వృద్ధులచేతను వితంతువులచేతను వ్రేలిముద్ర వేయించుకొని, పింఛను చేతికిచ్చి పోవుచుందురు. ఆ మధ్యాహ్నము పనులు తీఱి నలుగురు స్త్రీలు మా పంచలో గూడినప్పుడు మాట తప్పక ఆ సొమ్ముమీదికే పోవును. "ఊరికే వచ్చిన డబ్బు ఒంటబట్టదు వదినా" అని యొకరందురు. "ఇట్లా పెడుతూ పోతే రేపు మిరపకోతకు ఎవరొస్తారు పిన్నిగారూ?" అని మఱియొకరందురు. "ఎన్నేళ్లు పెట్టినా బీదవాళ్లు బీదవాళ్లుగానే ఉన్నారుగా" అని వేఱొకరు ముగింతురు. కొంతకాలము క్రిందటివరకు మేమును ఈ మాటలకు తలయూపినవారమే.

ఉపాధ్యాయులగు మావారి యుద్యోగరీతిని గురజాల చేరువనున్న పల్లెలలో కొన్నియేండ్లు కాపురముండి, యచ్చటి సంసారములను దగ్గఱనుండి చూచిన పిదప మా తలయూపు ఆగినది. సర్కారు చేయు సాయమువలన బీదవారు బీదఱికమునుండి బయటపడుదురా, పడరా యను ప్రశ్నకు ఔననియు కాదనియు ఒక్కమాటలో చెప్పవీలులేదు. చూచినదియు చదివినదియు కలిపి, మాకు దోచినది సోదరీమణుల ముందుంచుచున్నాము.

భారతమున సభాపర్వమందు నారదమహర్షి ధర్మరాజు కొలువునకు వచ్చి కుశలప్రశ్నల నెపమున రాజధర్మమునంతయు నడుగును. ఆ ప్రశ్నలలో రెండు మాకెప్పుడును జ్ఞప్తికి వచ్చుచుండును. నీ రాజ్యమున సేద్యము కేవలము వానదేవుని దయమీద నాధారపడకుండ నిండు చెఱువులు త్రవ్వించితివా యనునది మొదటిది. చితికిపోయిన కృషీవలునకు తిండియు, విత్తనములును, నూటికొకటి చొప్పున స్వల్పవడ్డీకి అప్పును ఇచ్చుచున్నావా యనునది రెండవది. అన్నమును చెఱువును ఆ మహర్షి విడివిడిగా నడిగెను. అన్నము పెట్టితిని గావున చెఱువక్కఱలేదనుటకుగాని, చెఱువున్నది గావున అన్నమక్కఱలేదనుటకుగాని ఆయన తావీయలేదు. ఈ విభాగమును మనస్సునందుంచుకొన్నచో నేటి పథకముల మంచిచెడ్డలు తేటపడును.

మా పల్నాడు చిరకాలము వానమీదనే బ్రతికిన సీమ. శ్రీనాథుని పేర జెప్పుకొను చాటువులలో ఇచ్చటి జొన్నకూడును నీటి యెద్దడియు పరిహాసమునకు గుఱియైనవి. పరిహాసమునకు మించిన కాలములును వచ్చినవి. 1832-33 నందననామ సంవత్సరమున గుంటూరుసీమను పట్టిన కరవులో ఐదులక్షల జనమునందు మూడవవంతునకు పైగా నశించిరని చరిత్రకారులు వ్రాసియున్నారు. దానినే నేటికిని పెద్దలు నందనకరవందురు. గంజికేంద్రములు పెట్టిరిగాని అవి ఆలస్యముగ వచ్చినవి, అందఱకును చాలలేదు. ఆ కరవు నేర్పిన పాఠముతోడనే బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట కట్టవలెనను ఆలోచన బలపడి, 1855 నాటికి కట్టడము పూర్తియయ్యెను. గంజి ఆ నెల ప్రాణములను నిలిపినది. ఆనకట్ట తరువాతి తరముల సంసారములను నిలిపినది.

అయితే ఆ నీరు డెల్టాకు పాఱెనేకాని మెట్టసీమయగు పల్నాటికి ఎక్కలేదు. మా తాతల కాలమున ఇచ్చటివారికి సర్కారనగా పెట్టునది కాదు, పుచ్చుకొనునది. అడవిలో పశువులు మేసినందుకుగూడ పుల్లరి కట్టుమనగా, కట్టమని నిలిచి మించాలపాటి కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో ప్రాణములర్పించెను. ఆనకట్ట పూర్తియైన నూఱేండ్లకు, 1955 డిసెంబరు 10వ తేదీని, నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4వ తేదీని కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ క్రింద 11 లక్షల యెకరములకు పైబడిన ఆయకట్టు ఏర్పడినది. జొన్న తినిన యిండ్లలో వరియన్నము వండిరి. పిల్లను కాలువక్రింది యూరికే ఈయవలెనని సంబంధములు చూచిరి. ఏ కార్డును చూపనక్కఱలేకుండ, ఏ వ్రేలిముద్రయు వేయనక్కఱలేకుండ వేలకుటుంబములను లేవనెత్తిన సాయమిది.

కాని నీరెక్కిన చోట నెక్కినది, ఎక్కనిచోట ఎక్కలేదు. సాగరము చేరువనే యున్న మాచెర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి ప్రాంతముల మెట్టచేలు ఎత్తుననుండుటచేత ఆకాశమువంకనే చూచుచున్నవి. ఆ చేలకై యుద్దేశించిన వరికపూడిశెల యెత్తిపోతలకు మాచెర్లలో 2023 నవంబరులో శంకుస్థాపన జరిగినది. పెద్దజలాశయము ప్రక్కననుండియు త్రాగునీటికి బిందెలతో నడచిన స్త్రీలను మేమెఱుగుదుము. అట్టి యిల్లాలికి నెలనెలా బియ్యమిచ్చితిమిగదా యనుట నారదుని రెండవప్రశ్నకు జవాబగును. మొదటి ప్రశ్నకు కాదు.

ఇంక అన్నపుమాట. నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము 1983లో కిలో రెండురూపాయల బియ్యమును తెచ్చినప్పుడు ఎగతాళి చేసినవారెందఱో. 2023 జనవరినుండి కేంద్రప్రభుత్వపు ఆహారభద్రతా చట్టము క్రింద మనిషికి నెలకు 5 కిలోలు వెల లేకయే దొరకుచున్నవి. ఈ బియ్యముచేత ఎవరును ధనవంతులైన జాడలేదు. కాని కూలి దొరకని వారమున పొయ్యిలో పిల్లి లేవదు. బియ్యమునకు పెట్టవలసిన రూపాయి కందిపప్పునకో, పిల్లవాని మందునకో మిగులును. వంటింటిని నడుపు మనకు ఈ లెక్క మగవారికంటె బాగుగ తెలియును.

అన్నము ఊరక అన్నముగా మాత్రమే యుండక, చదువుతో గూడినప్పుడు దాని ఫలము దూరము పోవును. సుప్రీముకోర్టు 2001 నవంబరులో ఇచ్చిన యుత్తరువును పురస్కరించుకొని మన రాష్ట్రమున 2003 నుండి బడులలో వండిన మధ్యాహ్నభోజనము పెట్టుచున్నారు. లంకలగన్నవరమున ఆకలిగొన్నవారికి వేళాపాళా చూడక వండిపెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు 2024లో ఈ పథకమునకు పెట్టిరి. చాల తగిన పేరు. యంగ్ లైవ్సు అను పరిశోధనవారు 2002 నుండి మన రాష్ట్రపు పిల్లలను యేండ్లతరబడి వెంబడించి చూచిరి. పసితనమున కరవు తగిలిన యిండ్లలో పిల్లల యెదుగుదల కుంటుపడెననియు, బడిలో అన్నము తిన్న పిల్లలయందు ఆ కొఱత పూడెననియు వారి లెక్కలనుబట్టి 2014లో ప్రకటించిన వ్యాసమున తేలినది. దేశమంతటి లెక్కలను చూచిన మఱియొక పరిశోధన 2021లో వెలువడినది. బడిలో భోజనము దొరికిన బాలికలు పెరిగి తల్లులైనప్పుడు, వారి బిడ్డలుకూడ ఎత్తు పెరుగుటలో మెఱుగుగా నున్నారట. ఒక పూట అన్నము రెండుతరములకు అందినది!

మా పల్నాటి వారికి ఇందులో మఱియొక తృప్తియు గలదు. బ్రహ్మనాయుడు కులభేదము విడిచి అందఱను ఒక్క చాపమీద కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెనని మనము కథగా చెప్పుకొందుము. మావారి బడి వసారాలో పళ్లెములు ముందుంచుకొని వరుసగా కూర్చున్న పిల్లలను చూచినప్పుడు ఆ కథ కథగా మాత్రమే మిగిలిపోలేదని మాకు తోచినది. మొదటి దినములలో కొందఱు తల్లులు తమ పిల్లలకు వేఱుగ క్యారేజీ పంపిరి. పిల్లలే ఆ క్యారేజీలు తెఱువకయే తిరిగి తెచ్చిరి.

మా పంచలోని రెండవ యాక్షేపణకు వత్తము: కూలికెవరు వత్తురు? 2005లో చేసిన ఉపాధిహామీ చట్టమును 2006 ఫిబ్రవరి 2వ తేదీని అనంతపురముజిల్లా బండ్లపల్లిలో ప్రారంభించిరి. పల్లెకుటుంబమునకు ఏటికి నూఱుదినముల పని యడిగి పుచ్చుకొను హక్కు దానివలన గలిగినది. పురుషునకును స్త్రీకిని ఒకే కూలియనుట స్త్రీలు మఱువరాని సంగతి. 2025 డిసెంబరులో పార్లమెంటు దానికి బదులు వేఱు చట్టమును చేసి, దినములను 125కు పెంచుచు, నాట్లు కోతలు ముమ్మరముగ నుండు కాలమున 60 దినములవరకు ఆ పని నిలుపుటకు వీలు కల్పించినది. కూలివారు దొరకరను రైతుల గోడు ఢిల్లీదాక పోయెనన్నమాట.

ఈ గోడులో నిజమెంత? ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఉపాధికూలీలకును పింఛనుదారులకును వ్రేలిముద్రకార్డులద్వారా సొమ్ము చెల్లించు పద్ధతిని ముందుగ ఏ మండలములలో పెట్టవలెనో చీట్లువేసినట్లు నిర్ణయించి, 157 మండలములలో దాని ఫలితమును కార్తీక్ మురళీధరన్ మొదలగు అర్థశాస్త్రజ్ఞులు పరిశీలించిరి. సొమ్ము వేగముగ చేరినది. నడుమ జాఱిపోవునది తగ్గినది. పద్ధతి చక్కబడిన మండలములలో బీదకుటుంబముల సంపాదన నూటికి 14 వంతులు పెరిగినది. ఇందు వింత యేమనగా, ఆ పెరుగుదలలో అధికభాగము సర్కారుపనిలో వచ్చినది కాదు. ఊరిలోని యితర పనులలో కూలిరేట్లు పెరుగుటవలన వచ్చినది. అంతేకాదు, ఆ మండలములలో ప్రైవేటుపనికి పోవుట తగ్గకపోగా పెరిగినదికూడ. అనగా సర్కారుపని బీదవారిని సోమరులను చేయలేదు. ఇంత యిచ్చిననే వత్తుమని చెప్పగల ధైర్యము వారికిచ్చినది.

ఈ ధైర్యమునకు వెల మన యిండ్లవారే చెల్లించితిమి. మిరపకోతకు ఎక్కువ యీయవలసివచ్చినది. ఇంటిపనికి ఎక్కువ యీయవలసివచ్చినది. కాబట్టియే మన నోట "చెడిపోతున్నారు" అను మాట వచ్చుచున్నది. మనకు నష్టమైనదానిని వారికి చెఱుపని చెప్పుట న్యాయము కాదు.

ఇప్పుడు అసలుచిక్కునకు వత్తము. ఇన్ని పథకములుండగా బీదఱికమేల తీఱకున్నది? అనిరుధ్ కృష్ణ అను పరిశోధకులు మన రాష్ట్రమున 36 గ్రామములు తిరిగి, ఇరువదియైదేండ్లలో ఏ యింటి గతి యెట్లు మాఱెనో ఇల్లిల్లు నడిగి, 2006లో ప్రకటించిరి. నూటికి 14 కుటుంబములు బీదఱికమునుండి బయటపడినవి. అదే కాలమున నూటికి 12 కుటుంబములు క్రొత్తగా బీదఱికమున పడినవి. తొట్టిలో ఒకవైపు నీరు పోయుచుండగా అడుగునగల చిల్లినుండి ఇంచుమించుగ అంత నీరును కాఱిపోవుచున్నది. పైనుండి చూచువారికి మట్టము మాఱినట్లు కనబడదు. లేచినవారు నీటివసతివలనను క్రొత్త జీవనాధారములవలనను లేచిరి. పడినవారు జబ్బులవలనను, వైద్యమునకు చేసిన అప్పులవలనను, పెండ్లిఖర్చులవలనను, అధికవడ్డీలవలనను పడిరి. పడుటకు కారణములు వేఱు, లేచుటకు కారణములు వేఱు. రెంటికిని ఒకే మందు పనిచేయదు.

ఈ మాట నిజమని మాకు పుస్తకముకంటె ముందు ఒక సంసారము తెలిపినది. గురజాల చేరువ పల్లెలో మా పొరుగున నొక కౌలురైతుకుటుంబముండెను. భార్యాభర్తలు మూడెకరములు కౌలుకు తీసికొని మిరప వేసిరి. కౌలుసొమ్ము ముందుగ కట్టిరి. విత్తనములును మందులును అప్పుమీద దెచ్చిరి. 2021లో నల్లతామరపురుగు ఈ జిల్లాల మిరపతోటలపై పడి పూతనంతయు మాడ్చినది. వారి చేనును పోయినది. ఆ యేడు ఆ యింటికి రేషనుబియ్యము వచ్చినది, పిల్లలచదువు సొమ్ము వచ్చినది. రైతుకని యిచ్చిన సాయము మాత్రము భూమి యెవరిపేర నున్నదో వారికే పోయినది. వారు పట్టణమున నుందురు. కౌలుదారులకు గుర్తింపుకార్డునకై 2019లో చట్టము వచ్చినదికాని, దానికి భూయజమాని సంతకము కావలెను. "సంతకం అడిగితే వచ్చే యేడు చేను ఇవ్వరమ్మా" అని ఆ యిల్లాలు మాతో ననినది. చట్టము వ్రాసినవారికి తట్టని చిక్కు ఆమె యొక్క వాక్యమున చెప్పినది.

ఆ మీద భర్తకు గుండెజబ్బు వచ్చినది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కార్డు ఉండుటచేత పెద్దచికిత్సకు రొక్కము పెట్టనక్కఱలేకపోయినది. ఆ కార్డే లేకున్నచో ఆ కుటుంబమునకు అప్పులవారినుండి విడుదల యుండెడిది కాదు. అయినను చికిత్స తరువాతి మందులకును, మనిషి మూలకూర్చున్న నెలల గ్రాసమునకును అప్పు పెరిగినది. తొమ్మిదవతరగతి చదువు పెద్దపిల్లవాడు ఒక సోమవారమునుండి బడికి రాలేదు. మావారు విచారింపబోగా లారీపై మిరపబస్తాలెత్తు పనికి పోవుచున్నాడని తెలిసినది. మేము వారింటికి పోయినప్పుడు తల్లి తలవంచుకొని, "వాడే పోతానన్నాడు పంతులమ్మగారూ, నేను పొమ్మనలేదు" అనెను. పొమ్మనవలసిన పనిలేని స్థితియే బీదఱికమని ఆనాడు మాకు తెలిసినది.

వాడు తిరిగి బడికి వచ్చెను. దానికి ఏ యొక్క పథకమును కారణము కాదు. తల్లియున్న డ్వాక్రాసంఘమువారు చిన్నవడ్డీకి అప్పిచ్చి వడ్డీవ్యాపారి బాకీ తీర్పించిరి. చదువునకిచ్చు సొమ్ము సమయమునకు పడినది. చెల్లెలికి బాలికలవసతిగృహమున చోటు దొరకి ఒక నోరు తగ్గినది. మావారు సాయంకాలములు విడిచిపోయిన పాఠములు చెప్పిరి. నాలుగుచేతులు కలసినప్పుడు ఆ పిల్లవాడు గట్టెక్కెను. తరువాత వాడు పాలిటెక్నికులో చేరినాడు. ఫీజు సర్కారు కట్టునన్నారు. సర్కారు బాకీ ఆలస్యమైనదని కళాశాలవారు కొన్ని నెలలు వాని ధ్రువపత్రములను బిగబట్టిరి. ఆ కళాశాల పేరు చెప్పము. ఇచ్చెదమన్నది వేళకు ఈయకున్నచో ఈయనిదానికంటె ఎక్కువ బాధ కలుగునని మాత్రము చెప్పుచున్నాము.

డ్వాక్రా ప్రస్తావన వచ్చినదిగాన ఒక్కమాట. నెల్లూరుజిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు 1992లో సారాదుకాణమును ఊరినుండి తఱిమిరి. ఆ యుద్యమము పెరిగి రాష్ట్రమంతటను 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషిద్ధమైనది. సారాకు పోవు రూపాయి మిగిలినందున, ఆ రూపాయినే పొదుపుచేయు సంఘములు వెల్లివిరిసినవి. స్త్రీలు తామే కూర్చుకొన్న పొదుపు మూలధనముగా బ్యాంకులు అప్పిచ్చుట ఇందలి బలము. కాని అప్పు కత్తివంటిది. అదే యిల్లాండ్రకు ప్రైవేటు సూక్ష్మఋణసంస్థలు వారమువారము వసూలుచేయు అప్పులు ఒకదానిమీదనొకటి అంటగట్టగా, కుటుంబములు నలిగి ఆత్మహత్యలవఱకు పోయినవి. 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సుతో ఆ సంస్థలకు అడ్డుకట్ట వేయవలసివచ్చినది. నారదుడు అప్పుమాట చెప్పునప్పుడు వడ్డీమాటనుకూడ విడువక అడుగుట ఎంత దూరదృష్టి!

పింఛనుమాటతో ప్రారంభించితిమి, మఱల దానికి వత్తము. 2014 అక్టోబరునకు ముందు నెలకు 200 రూపాయలుగ నున్నది అప్పుడు 1000 ఆయెను. మెట్టుమెట్టుగ పెరిగి 2024 జూలై నుండి వృద్ధులకును వితంతువులకును 4000 ఇచ్చుచున్నారు. మా యింటికి పప్పులు చెఱుగ వచ్చు అవ్వ యీ పింఛను పుచ్చుకొనును. "దీంతో నీ బీదతనం పోయిందా అవ్వా?" అని మేమొకనాడడిగితిమి. ఆమె నవ్వి, "పోవటమేంటి పంతులమ్మగారూ? కాకపోతే మా కోడలిప్పుడు 'అత్తా, అన్నానికి రా' అంటుంది. ఇదివరకు పిలిచేదే కాదు" అనెను. డెబ్బదియేండ్ల వృద్ధురాలిని లేవనెత్తి ధనవంతురాలిని చేయవలెనని ఎవరును కోరరు. ఆమె ఒకరి గడపలో చేయిచాపకుండుట చాలును. ఆ కొలతకు ఈ పథకము నిండుగ నెగ్గినది.

మా పంచలో మాటాడువారము ఒక సంగతిని మాత్రము చెప్పుకొనము. మావారికి నెలనెలా వచ్చు జీతమును సర్కారుసొమ్మే. కఱవుభత్యమును సర్కారుసొమ్మే. మా చేనిలో కాలువనీరును, ఎరువులపై తగ్గింపును సర్కారుసాయమే. వీనివలన మేము సోమరులమైతిమని మేమెన్నడును అనుకొనలేదు. నెలకింతయని నిలకడగ వచ్చునది గనుకనే మా పిల్లల చదువును ముందుగ ఆలోచించుకొనగలిగితిమి. నిలకడ మాకు మేలుచేసి, బీదవారికి కీడుచేయునా?

అట్లని అన్నిటిని మెచ్చుకొనుటకు వీలులేదు. ప్రభుత్వము మాఱినప్పుడెల్ల పథకముల పేరు మాఱుచుండును, రంగు మాఱుచుండును; అర్జీ మఱల పెట్టవలసివచ్చును. 2020 జనవరిలో అమ్మఒడియని తల్లికి పదునైదువేలు ఇచ్చుట మొదలైనది. 2025 జూన్‌లో తల్లికి వందనమను పేర, ఇంటిలో చదువుకొను ప్రతి బిడ్డకును వర్తించునట్లు ఇచ్చిరి. తల్లిచేతి సొమ్ము బిడ్డకు చేరునని మేమును నమ్ముదుము. కాని ఉపాధ్యాయుడు లేని తరగతిగదిని ఆ సొమ్ము నింపలేదు. ఊరికి నీరు రాకున్నచో ఆ సొమ్ము నీటిడబ్బాలకు పోవును. ఇంటికిచ్చు రూపాయి, ఊరికి చేయవలసిన పనికి బదులు కారాదు.

సంక్రాంతి దాటిన పిమ్మట మా మిరపచేలలో గుడారములు వెలయును. కర్నూలువైపు మెట్టసీమలనుండి కుటుంబములు కుటుంబములుగ కోతకు వత్తురు. వారి కార్డులు, పిల్లల బడి, అన్నియు స్వగ్రామములలో నుండును. మనుష్యులు మాత్రమిచ్చట నుందురు. బడియీడు పిల్లలు గట్టున చిన్నవారిని ఎత్తుకొని కూర్చుందురు. ఏ పథకమునకును ఎదురుపడక జాఱిపోవువారు వీరే. తొట్టిచిల్లి మనకంటియెదుటనే యున్నది.

నీతి ఆయోగము 2023లో ప్రకటించిన లెక్కనుబట్టి, తిండి, చదువు, వైద్యము, వంటచెఱకు, మరుగుదొడ్డి, నీరు మొదలగు కొఱతలతో కొలిచిన బీదఱికము మన రాష్ట్రమున 2015-16లో నూటికి 11.77 వంతులుండగా 2019-21 నాటికి 6.06 వంతులకు తగ్గినది. కావున ఏమియు మాఱలేదనుట సరికాదు. అయితే ఈ కొలతలో బయటపడిన యిల్లు ఒక్క పురుగుతోను ఒక్క జబ్బుతోను మఱల పడవచ్చును. మా పొరుగువారి కథ అదియే.

మా నిశ్చయమిది. సాయములు రెండువిధములు. బియ్యము, పింఛను, వైద్యపుకార్డు, పనిహామీ యనునవి పడిపోవువానిని పట్టుకొను చేయి. నీరు, చదువు, న్యాయమైన వడ్డీ, దున్నువానికి గుర్తింపు అనునవి లేవనెత్తు చేయి. మొదటిచేయి లేనిచో రెండవచేయి లేపినవాడును పడును. రెండవచేయి లేనిచో మొదటిచేతిలో బీదవాడు జన్మాంతము వ్రేలాడును. ఏ ప్రభుత్వమైనను మొదటిచేతిని చాపి ఫోటోలు తీయించుకొని రెండవదానిని వెనుకకు దాచుకొన్నచో, దానిని అడుగవలసినవారము మనమే.

ఇంటనుండు మనమేమి చేయగలమందురేమో. కౌలురైతునకు చేనిచ్చిన యిల్లు మనదైనచో, గుర్తింపుకార్డుపై సంతకము పెట్టుమని ఇంటివారికి చెప్పవచ్చును. దానివలన భూమి పోదు, ఆ కార్డు పదునొకండు నెలలకే వర్తించును. మిరపకోతకు కూలీలను పిలుచునప్పుడు, బడియీడు పిల్లలను దగ్గఱి బడికి పంపుడని మేస్త్రీతో మాటాడవచ్చును. ఇంటిపనిచేయు ఆమె కార్డు నిలిచిపోయినచో, మన చదువుకొన్న పిల్లలచేత ఆమె అర్జీ వ్రాయింపవచ్చును. ఇవి చిన్నపనులే. కాని మా పొరుగింటి పిల్లవానికి అందిన నాలుగుచేతులలో రెండు ఊరివారివేయని జ్ఞప్తియుంచుకొనవలెను.

ఆ పిల్లవాడిప్పుడు డిప్లొమా ముగించి మొదటి జీతము తెచ్చుకొన్నాడు. తల్లి మొన్న మాయింటికి వచ్చి పావుకిలో మిఠాయి చేతబెట్టినది. "వచ్చే యేడు కౌలు చేస్తారా?" అని యడిగితిమి. "సంతకం పెట్టేవాళ్ల చేను దొరికితే చేస్తామమ్మా" అనెను. పై నెల మొదటి తేదీని మా పంచలో మాట మఱల పింఛనుమీదికి పోయినప్పుడు మేము ఆ మాటనే వినిపింతుము.